పాఠం చెప్పే మాస్టారే ఆట నేర్పితే

మన బళ్లలో పాఠం చెప్పే మాస్టారు వేరు, ఆట నేర్పే మాస్టారు వేరు. లెక్కల సారుకు పిల్లవాడి మార్కులు తెలుసు, వాడి పరుగు తెలియదు. డ్రిల్లు సారుకు వాడి పరుగు తెలుసు, లెక్కల పరీక్ష రోజున వాడి మొహం ఎలా ఉంటుందో తెలియదు. పరీక్షలు దగ్గరపడి సిలబస్ మిగిలిపోయిందంటే మొదట కోతపడేది ఆటల పీరియడే. దాన్ని లెక్కల సారే పట్టుకుపోతాడు. ఈ ఏర్పాటుకు మనం ఎంతగా అలవాటు పడిపోయామంటే, ఇంకో పద్ధతి ఉండొచ్చన్న ఊహే రాదు. కానీ ఉంది. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మగపిల్లల ప్రిపరేటరీ స్కూళ్లు అనేవి ఉన్నాయి. ఇంగ్లండులో అయితే ఎనిమిదో ఏట చేర్చుకుని పదమూడో ఏటికల్లా పెద్ద బోర్డింగు స్కూలుకు తయారుచేసి పంపే బడి. అమెరికాలో అయితే కాలేజీ చదువుకు తయారుచేసే హైస్కూలు. రెండుచోట్లా పాత ఆనవాయితీ ఒకటే. పొద్దున చరిత్ర పాఠం చెప్పిన మాస్టారే సాయంత్రం జట్టును ఆడిస్తాడు. బోర్డింగు స్కూలైతే రాత్రి హాస్టల్లో దీపాలు ఆర్పించేదీ ఆయనే. ఈ పద్ధతి మంచిదనీ, మగపిల్లల చదువుకు అది చేసే మేలు ఇంకో దారిన రావడం కష్టమనీ నా అభిప్రాయం. అయితే దాన్ని మంచి మనుషుల మంచితనానికి వదిలేస్తే మాత్రం ముప్పే.

మగపిల్లల సంగతే ఎందుకు ప్రత్యేకంగా ఎత్తుకున్నారని అడగొచ్చు. ఆడపిల్లలకు ఇది అక్కర్లేదని కాదు. మగపిల్లల విషయంలో దీన్ని కొంచెం శ్రద్ధగా పరిశీలించినవాళ్లు ఉన్నారు, అందుకు. మైకేల్ రైకర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రిచర్డ్ హాలీ అనే మాజీ హెడ్మాస్టరు కలిసి ఆరు దేశాల్లోని 18 మగపిల్లల బళ్ల నుంచి టీచర్ల మాటల్నీ పిల్లల మాటల్నీ రాతపూర్వకంగా సేకరించి 2010లో ఒక పుస్తకం వేశారు. ఏ పాఠం బాగా పనిచేసింది అన్నదే వాళ్లు వేసిన ప్రశ్న. టీచర్లు తమ పద్ధతుల గురించి రాశారు. పిల్లలు మాత్రం పద్ధతుల్ని వదిలేసి మనుషుల గురించి రాశారు. ఫలానా సారు ఎలాంటివాడు, తనను ఎప్పుడు గమనించాడు, తనలాగే ఆయనకూ దేని మీద ఇష్టం ఉంది, ఇవీ వాళ్ల జవాబులు. దాంతో పరిశోధకులు 2014లో ఆ సంబంధాల మీదే రెండో పుస్తకం తెచ్చారు. అబ్బాయి ముందు మాస్టారిని ఒప్పుకుంటాడు, ఆ తర్వాతే ఆయన చెప్పే పాఠాన్ని ఒప్పుకుంటాడన్నది వాళ్లు తేల్చిన విషయం. సంబంధం చెడిందంటే దాన్ని బాగుచేసుకోవడానికి పిల్లవాడు తనంతట తాను ముందుకు రావడం అరుదు. ఆ భారం పెద్దవాడిదే. ఈ పరిశోధనకు హద్దులు ఉన్నాయి. ఇవన్నీ వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు, బళ్లు కూడా ఎక్కువగా కలిగినవాళ్లవి. అయినా మన ఊళ్లలో ఏ పదో తరగతి కుర్రాణ్ని కదిపినా ఇంతకు భిన్నంగా చెబుతాడనుకోను. సంబంధమే ముఖ్యమైతే, అది కుదిరే చోట్లు ఎన్ని ఉంటే అంత మంచిది. తరగతి గది ఒక్కటే ఆ చోటైతే, చదువు రాని పిల్లవాడికి మాస్టారితో కుదిరే సంబంధం ఒక్కటే, తిట్లు తినడం.

మసాచుసెట్స్ రాష్ట్రంలో డీర్‌ఫీల్డ్ అకాడమీ అని ఒక పాత బడి ఉంది. 1902లో ఫ్రాంక్ బోయిడెన్ అనే ఆయన కాలేజీ చదువు ముగించిన ఏడాదే అక్కడ హెడ్మాస్టరుగా చేరాడు. అప్పటికి ఆ బడిలో ఉన్న పిల్లలు 14 మంది. జట్టుకు మనుషులు చాలక ఆయనే బరిలోకి దిగి పిల్లలతో కలిసి ఆడాడు. 66 ఏళ్లు అదే బడిలో హెడ్మాస్టరుగా ఉండి 1968లో దిగిపోయాడు. ఆయన కాలంలోనే అది పూర్తిగా మగపిల్లల బడి అయింది, మళ్లీ 1989లో గాని ఆడపిల్లల్ని చేర్చుకోలేదు. జాన్ మెక్‌ఫీ అనే రచయిత అక్కడ చదువుకున్నవాడే. బోయిడెన్ మీద 1966లో పుస్తకం రాశాడు. ఆ హెడ్మాస్టరు బల్ల గదిలో ఉండేది కాదు, పిల్లలు తరగతి నుంచి తరగతికి పోయే వరండాలో వేసుకుని కూర్చునేవాడు. రోజూ ప్రతి పిల్లవాడూ తన కళ్లముందు నుంచి ఎన్నోసార్లు నడిచి వెళ్లాలన్నది ఆయన పట్టు. నడకను బట్టే పిల్లవాడి మనసు ఎలా ఉందో ఆనవాలు కట్టేవాడట. సాయంత్రం మైదానంలోనూ ఆ కళ్లే. ప్రతి పిల్లవాడూ ఏదో ఒక జట్టులో ఆడాల్సిందే, ఆట రానివాణ్ని ఇంటికి పంపకుండా వాడి స్థాయి పిల్లలతో ఇంకో జట్టు కట్టేవారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఈ చివరి సంగతే. పాఠం చెప్పేవాడు ఆట నేర్పితే ఆటకు తరగతి స్వభావం వస్తుంది. తరగతిలో వెనకబడ్డవాణ్ని బయటికి పంపేయం కదా. కేవలం గెలుపు కోసం జీతానికి పెట్టుకున్న కోచ్‌కు ఆ ఇబ్బంది ఉండదు. పదకొండుమందిని ఏరుకుంటాడు, మిగతావాళ్లు గట్టున కూర్చుని చూస్తారు.

గెలుపు మాట వచ్చింది కాబట్టి ఒక అనుమానం తీర్చాలి. మాస్టారు కోచ్ అయితే ఆట నాసిరకం అవుతుందనుకునేవాళ్లు వాషింగ్టన్ పక్కన, మేరీలాండ్‌లోని డిమాథా అనే మగపిల్లల హైస్కూలు సంగతి చూడాలి. 1956 నుంచి 2002 దాకా అక్కడ బాస్కెట్‌బాల్ కోచ్ మోర్గన్ వుటెన్. ఆయన చరిత్ర మాస్టారు కూడా. ఆయన జట్లు 1,274 ఆటలు గెలిచి 192 ఓడాయి. 1965 జనవరిలో న్యూయార్కు నుంచి పవర్ మెమోరియల్ అనే ఇంకో మగపిల్లల బడి జట్టు వచ్చింది. వరుసగా 71 ఆటలు గెలిచిన జట్టు అది. అందులో ఏడడుగుల ఎత్తు కుర్రాడు ఒకడున్నాడు, పేరు లూ ఆల్సిండర్. తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచమంతటికీ తెలిసింది అతనే. అంత ఎత్తు మనిషి చేతుల మీదుగా బంతి ఎలా వేయాలో తమ పిల్లలకు అలవాటు కావాలి. అందుకని వుటెన్ సాధనలో కొందరికి టెన్నిస్ రాకెట్లు ఇచ్చి, పైకెత్తి పట్టుకుని అడ్డు నిలబడమన్నాడు. బంతి ఆ రాకెట్ల మీదుగా పోవాలి. ఇది గొప్ప రహస్యమేమీ కాదు. పిల్లలకు అర్థంకాని సంగతిని చేతికి అందే వస్తువుతో చూపించడం తరగతిలో ప్రతి మంచి మాస్టారూ చేసే పనే. డిమాథా 46–43 స్కోరుతో గెలిచింది. 1980లో ఒక పెద్ద విశ్వవిద్యాలయం కోచ్ పదవి ఇస్తానంటే వుటెన్ వద్దని బడిలోనే ఉండిపోయాడు.

ఆ ఏడడుగుల కుర్రాడి కథకు ఇంకో పక్క కూడా ఉంది. తన బడి కోచ్ అంటే అతనికి చాలా ఇష్టం. ఆ కోచ్ అతణ్ని జాగ్రత్తగా చూసుకున్న మాట నిజం, పత్రికలవాళ్లు మీద పడకుండా కాపాడాడు కూడా. కానీ ఒక ఆట మధ్య విరామంలో, కుర్రాడు ఒళ్లొంచి ఆడటం లేదన్న కోపంతో, నల్లజాతివాళ్లను కించపరిచే మాట ఒకటి వాడి, నువ్వు అలాగే ఆడుతున్నావు అన్నాడు. ఆ మాటతో అతన్ని రెచ్చగొట్టి ఆడించానని కోచ్ అనుకున్నాడు. జట్టు ఆ ఆట గెలిచింది కూడా. ఆ గాయం మానడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టిందని అబ్దుల్ జబ్బార్ తన పుస్తకాల్లో రాసుకున్నాడు. పెద్దయ్యాక ఇద్దరూ కలిశారు, మాట్లాడుకున్నారు. మైదానంలో మాటకు బలం ఎక్కువ. ఒళ్లు వేడెక్కి ఉంటుంది, తోటివాళ్లంతా వింటూ ఉంటారు, గెలవాలన్న ఆరాటం లోపల మండుతూ ఉంటుంది. తరగతిలో చెబితే గోడకు తగిలి రాలిపోయే మాట అక్కడ ఎముకలోకి దిగుతుంది. మంచి మాటా అంతే, చెడ్డ మాటా అంతే. అంత బలమున్న చోట నిలబడేవాడికి మాటలు తూచి వాడే అలవాటు ఉండాలి. ఆ అలవాటు తరగతి గదిలోనే పడుతుందని గ్యారంటీ లేదు. బెత్తం మాస్టర్లను మనం ఎరుగుదుం. కానీ పొద్దున నుంచి సాయంత్రం దాకా నలభై రకాల పిల్లలకు ఒకే విషయాన్ని నలభై రకాలుగా చెప్పాల్సి వచ్చేవాడికి, ఓ పిల్లవాడు చేయలేకపోతే అది పొగరు కాదు, అర్థం కాకపోవడం అని తట్టే అవకాశం ఎక్కువ.

దీనికి సాక్ష్యం కూడా ఆ కుర్రాడి తర్వాతి కోచ్ దగ్గరే దొరుకుతుంది. ఆల్సిండర్ కాలిఫోర్నియా వెళ్లి జాన్ వుడెన్ దగ్గర ఆడాడు. వుడెన్ విశ్వవిద్యాలయాల్లో అడుగు పెట్టకముందు ఇండియానాలోని ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు ఇంగ్లిషు పాఠం చెబుతూ జట్టును ఆడించినవాడు. తానెప్పుడూ టీచర్నే అనుకునేవాడు. ఏటా సాధన మొదలైన రోజున, దేశంలో మేటి ఆటగాళ్లని కూర్చోబెట్టి, మేజోడు ముడతల్లేకుండా ఎలా తొడుక్కోవాలో, వేళ్ల దగ్గరా మడమ దగ్గరా ఎలా సవరించుకోవాలో, బూటు తాడు ఎలా బిగించాలో నేర్పేవాడు. ముడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే సాధన ఆగిపోతుంది, అంతే కారణం. 1974–75లో రోలండ్ థార్ప్, రొనాల్డ్ గల్లిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన సాధనల్లో గట్టున కూర్చుని ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ వర్గీకరించి రాసుకున్నారు. మొత్తం 2,326 రాసుకుంటే, నాలుగింట మూడు వంతులు ఏం చేయాలి, ఎలా చేయాలి అన్న వివరమే. మెచ్చుకోళ్లు నూటికి ఏడు లోపు, మందలింపులూ దాదాపు అంతే. మన సినిమాల్లో కనిపించే కోచ్ మాత్రం ఆట విరామంలో ఉపన్యాసం దంచి పిల్లల రక్తం మరిగిస్తాడు. అసలు సిసలు కోచ్ చేసేది పాఠం చెప్పడమే అన్నమాట, అదీ చిన్న చిన్న ముక్కల్లో.

అమెరికా సంగతి వదిలేయండి, మన దగ్గర కుదిరే పనేనా అంటారా? హైదరాబాదు మాటే చూద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, తర్వాత దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలోనూ పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని అక్కడ ఆటల బాధ్యత కూడా తలకెత్తుకున్నాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు పోకూడదు, వెంటనే అందించాలి అనే నియమంతో ఆయన పోటీలు పెట్టేవాడు. అలవాటు లేని కాలితోనే తన్నాలనే నియమంతో ఇంకొన్ని పెట్టేవాడు. పిల్లవాడికి దేంట్లో తడబాటు ఉందో దానికే ప్రశ్నపత్రం తయారుచేయడం ఇది. పంతులు బుర్రకు తట్టే ఉపాయం. ఈ మధ్య హిందీలో సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ వినపడుతోంది కాని, ఆయన్ని కోచ్‌గానే తలుచుకుంటున్నారు, మాస్టారుగా తలుచుకోవడం తక్కువ.

ఇక అభ్యంతరాలు. ఆట ఇప్పుడు శాస్త్రం అయిపోయింది, గాయాలు, ఆహారం, కదలికల కొలతలు ఇవన్నీ చరిత్ర మాస్టారుకు ఏం తెలుసు అంటారు. నిజమే. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ని మళ్లీ ఆడనివ్వాలో వద్దో చరిత్ర మాస్టారు తేల్చకూడదు, దానికి వైద్యం తెలిసిన మనిషి గట్టున ఉండాలి. కానీ మిగతా శాస్త్రమంతా కావలసింది ఆటను బతుకుదెరువు చేసుకోబోయే కొద్దిమందికి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, అది నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ కూడా. బాల్టిమోర్‌లో గిల్మన్ అనే మగపిల్లల బడి ఉంది, 1897లో పెట్టింది. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు తోడ్పడిన జో ఎర్‌మన్ టీచరు కాడు. ఒకప్పటి వృత్తి ఆటగాడు, తర్వాత మతబోధకుడు. బడిలో ఏ కుర్రాడూ మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని తినకూడదు, కనపడితే జట్టువాళ్లు వెళ్లి పక్కన కూర్చోవాలి అన్నది ఆ జట్టు పెట్టుకున్న కట్టుబాటు. బయటివాడు కూడా ఇంత చేయగలిగాడు కదా అంటే, చేయగలిగాడు, ఒప్పుకుంటాను. ఆయన ఆ జట్టును చూసింది పిల్లలు మనుషులయ్యే చోటుగా. గెలుపు ఆ తర్వాతి మాట. ఆ చూపు ఉన్నవాడు ఎక్కడినుంచి వచ్చినా పనికొస్తాడు. కాకపోతే బయటినుంచి ఏరి తెచ్చుకోవడానికి అలాంటివాళ్లు ఊరికొకరు దొరకరు. మాస్టర్లు మాత్రం ఇప్పటికే బడిలో ఉన్నారు.

ఆట రాని పిల్లవాడి మాటేమిటన్నది మరో ప్రశ్న. ఇంగ్లండులో ప్రిపరేటరీ హెడ్మాస్టర్ల సంఘం 1892లో పుట్టిందే చిన్నపిల్లల పోటీల్లో క్రికెట్ బంతి ఎంత ఉండాలన్న చర్చతో. ఆ కాలపు బళ్లలో ఆటది ఎంత పైచేయో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. జార్జ్ ఆర్వెల్ తన ప్రిపరేటరీ స్కూలు మీద రాసిన చేదు వ్యాసం ఆయన పోయాక 1952లో వచ్చింది. బలంగలవాడికి, డబ్బుగలవాడికి తప్ప అక్కడ బతుకు లేదని ఆయన లెక్క. ఆర్వెల్ ఎక్కువ చేసి చెప్పాడని ఆయనతో చదివినవాళ్లు కొందరు అన్నారు. ఎంత తగ్గించినా అందులో కొంత మిగులుతుంది. పాఠం మార్కుల్నీ ఆట గౌరవాన్నీ ఒకే మనిషి పంచుతున్నప్పుడు, ఆయన కంట్లో పడనివాడికి వెళ్లడానికి ఇంకో గుమ్మం ఉండదు. దీనికి నా జవాబు, బడిలో ఆ పని ఒక్క మాస్టారు చేయకూడదు, సగంమందైనా చేయాలి. ఒకాయన క్రికెట్, ఒకామె చదరంగం, ఇంకొకాయన కబడ్డీ. అప్పుడు పిల్లవాడు తన మనిషిని తాను వెతుక్కుంటాడు.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం భద్రత. 2012 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్ అక్కడి హొరేస్ మాన్ స్కూలు పాత విద్యార్థుల సాక్ష్యాలు అచ్చువేసింది. ఒకప్పుడు మగపిల్లల ప్రిపరేటరీ బడి అది. దశాబ్దాల కిందట మాస్టర్లు తమపై చేసిన లైంగిక అకృత్యాలు వాళ్లు బయటపెట్టారు. నిందితుల్లో ఒకడు బొమ్మలు గీయడం నేర్పేవాడు, ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ కూడా. నేను పొగుడుతూ వచ్చిన రెండు పాత్రలూ అక్కడ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. బోయిడెన్‌లా ఒక్క మనిషి కళ్ల మీద నడిచే బడికి ఉన్న బలహీనత ఇదే. ఆ కళ్లు మంచివైతే సరే, కాకపోతే చూసేవాళ్లు లేరు. చనువు పెరిగే కొద్దీ తలుపులు తెరిచి ఉండాలి. ఒంటరిగా శిక్షణ ఉండకూడదు, ప్రయాణాల్లో ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లాలి, పిల్లవాడు చెప్పుకోవడానికి కోచ్ కాని మనిషి ఒకరు పేరు పెట్టి ఉండాలి. మన దేశంలో అదే 2012లో వచ్చిన పోక్సో చట్టం, ఇలాంటిది జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని నిర్దేశించింది. చెప్పకపోతే శిక్ష ఉంది. బడి పరువు పోతుందని దాచిపెట్టే హెడ్మాస్టరుకు కూడా అది వర్తిస్తుంది.

చివరిది, మాస్టర్లకు తీరిక ఎక్కడిది అన్న మాట. ఇది సాకు అనుకోను. అమెరికా బోర్డింగు బళ్లలోనే పాఠం, ఆట, హాస్టలు మూడూ మోయలేక మానేసే యువ టీచర్లున్నారు. మన దగ్గర ఈ పద్ధతికి కొంత దగ్గరగా ఉన్నది విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు. విజయనగరం రాజవంశీకులు పి.వి.జి. రాజు గారు ఇచ్చిన రాజభవనంలో 1962లో మొదలైంది, చాలాకాలం మగపిల్లలకే, ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారు. అక్కడ పాఠం చెప్పేవాళ్లే హౌస్ మాస్టర్లు. మామూలు బళ్ల సంగతి వేరు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. వందమంది దాటిన ప్రాథమికోన్నత బడికి వ్యాయామం నేర్పడానికి పార్ట్‌టైమ్ శిక్షకుడు చాలంటుంది. టీచరుకు వారానికి కనీసం 45 గంటలు, పాఠం తయారుచేసుకునే సమయంతో కలిపి. మైదానంలో పిల్లలతో గడిపే గంటలు ఆ 45లో పడతాయో లేదో మాత్రం విడిగా చెప్పలేదు. సాయంత్రం నిలబడి కబడ్డీ ఆడించిన సోషల్ మాస్టారుకు మర్నాడు పొద్దున ఒక పీరియడు తగ్గించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. టైంటేబులు వేసే మనిషి ఒప్పుకుంటే వచ్చే జూన్‌లోనే మొదలుపెట్టొచ్చు.